నేపియర్ కోత: నెలకా, నెలన్నరకా, రెండు నెలలకా?

పర్లాకిమిడి, పాతపట్నం వైపు పాడి పెట్టుకున్నవాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: మేతకు వేసిన నేపియర్ గడ్డిని ఎన్నాళ్లకోసారి కోయాలని. నాటాక తొలి కోత 70–75 రోజులకు అన్నదాంట్లో పేచీ లేదు. గొడవంతా ఆ తర్వాతి కోతలదే.

తూకమే లెక్కయితే రెండు నెలల గడ్డిదే పైచేయి. మనిషిని మించి పెరుగుతుంది, కోత కూలీ తగ్గుతుంది. మర్నాడు పొద్దున గాడిలో చూడండి మరి: గేదెలు ఆకు తినేసి, చెరకు ముక్కల్లాంటి కాడలు వదిలేసి ఉంటాయి. చాఫ్ కట్టర్‌లో (గడ్డి ముక్కలు చేసే మెషిన్‌లో) వేస్తే సరిపోతుందంటారు గానీ, ముక్క చిన్నదైనంత మాత్రాన పీచు తగ్గదు. ముదిరిన గడ్డిలో మాంసకృత్తులు సుమారు 7–8 శాతానికి దిగిపోతాయి. 7 కన్నా తగ్గితే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకే తిండి చాలదు, గేదె మేత తగ్గించేస్తుంది. అప్పుడిక తవుడూ చెక్కా కొనాల్సిందే.

నెలకే కోస్తే ఆకు ఎక్కువ, మాంసకృత్తులూ ఎక్కువే. కాకపోతే మోపులో నూటికి 85 పాళ్ల దాకా నీళ్లే. పైగా లేత నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పాలిచ్చే గేదెకు అదొక టెన్షన్.

నా వరకు అసలు విషయం దుబ్బు. కోసిన వెంటనే ఆకు ఉండదు కాబట్టి కొత్త పిలక, దుబ్బు మొదట్లోనూ వేళ్లలోనూ దాచుకున్న చక్కెరతోనే లేస్తుంది. ఆకు విచ్చుకున్నాకే ఆ నిల్వ మళ్లీ నిండుతుంది. నెలనెలా కొడవలి పెడితే నిండే వ్యవధి ఎక్కడిది? పిలకలు సన్నబడతాయి, దుబ్బు నడుమ ఎండుతుంది, ఆ సందులో తుంగ లేస్తుంది. నేలకు అంటగోస్తే ఇంకా తొందరగా పాడవుతుంది. 4–6 అంగుళాల మోడు వదలాలి.

అందుకే నా ఓటు 40–45 రోజులకే. మన దగ్గర అక్టోబరు తుపాన్లకు ఎత్తుగా పెరిగిన గడ్డే ముందు పడిపోతుంది, అదీ ఒక కారణం. డిసెంబరు, జనవరిల్లో కొండవారన ఎదుగుదల మందగిస్తుంది, అప్పుడు ఇంకో పది పదిహేను రోజులు ఆగొచ్చు.

గినీ గడ్డి సన్నకాడది, 30–40 రోజులకు కోసుకోవచ్చు. గెడ్డ (వాగు) పక్కన నీళ్లు నిలిచే చోటైతే పారా గడ్డి వేసుకోండి, అంతే.

మడినంతా ఒకేసారి కోయకండి. 45 పట్టీలుగా అనుకుని రోజుకొకటి కోసి, కోసిన పట్టీకి కాస్త యూరియా చల్లి తడి పెడితే చివరి పట్టీ అయ్యేసరికి మొదటిది కోతకొస్తుంది.