గని దిగువ బోర్లకు పీహెచ్–ఈసీ చేతి మీటరు: ఏడాది వాడాక

గనికి దిగువన ఉన్న ఆరు పీజోమీటర్లలో (భూగర్భజలాన్ని గమనించడానికి వేసిన సన్నని గొట్టపు బోర్లు) నెలనెలా నీళ్లు తీసి చూడటం నా పని. ఏడాదిగా ఈ మీటరే నా చేతిలో ఉంది. ఈసీ, అంటే నీటి విద్యుత్ వాహకత కొలవడంలో దీనికి వంక పెట్టలేను. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన పదార్థాల మొత్తం చూపే బటన్ మాత్రం అసలు లేకపోతేనే బాగుండేది.

గొట్టంలో ఎన్నాళ్లుగానో నిలిచిన నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపితే ఆ పరీక్ష దండగ. 2 అంగుళాల గొట్టంలో మీటరు ఎత్తు నీళ్లంటే దాదాపు 2 లీటర్లు. 15 మీటర్ల నీళ్లుంటే 30 లీటర్లు, దానికి మూడింతలు తోడాలి. తోడుతూ ఐదేసి నిమిషాలకు మీటరు ముంచుతాను. వరుసగా మూడుసార్లు ఈసీ 3 శాతం లోపు, పీహెచ్ 0.1 లోపు తేడాతో నిలిస్తేనే సీసా పడతాను. ఇక్కడ ఈ మీటరు నిజంగా పనిమంతురాలు. అంకె త్వరగా నిలుస్తుంది, ఎండలోనూ కనిపిస్తుంది, రీడింగును 25 డిగ్రీలకు సవరించి చూపిస్తుంది. ఈసీ 1413 మైక్రోసీమెన్స్ ఉండే ప్రామాణిక ద్రావణంలో ముంచితే నెల తర్వాత కూడా ఐదారు అంకెలకు మించి తేడా రాలేదు.

టెయిలింగ్స్ (ఖనిజం తీశాక మిగిలే వ్యర్థపు బురద) కట్ట కింది మూడో పీజోమీటరులో పీహెచ్ 7.2 దగ్గర కదలకుండా ఉంది. ఈసీ మాత్రం నాలుగు నెలల్లో 900 నుంచి 1400కి పాకింది. పీహెచ్ ఒక్కటే చూసుంటే అంతా బాగుందని రాసేసేవాణ్ణి. పైరైటు అనే ఇనుము–గంధకం ఖనిజానికి గాలి, నీరు తగిలి ఆమ్లం పుట్టినా, దారిలో సున్నపురాయి ఉంటే ఆ ఆమ్లాన్ని అది విరిచేస్తుంది. ఆమ్లంతోపాటు పుట్టే సల్ఫేటు మాత్రం చాలావరకు నీటితోపాటే నడిచొస్తుంది. ల్యాబ్ కాగితంలో పెరిగిందీ అదే.

ఇక టీడీఎస్. మీటరు దాన్ని కొలవదు, ఈసీని 0.5తో గుణించి చూపిస్తుంది. సల్ఫేటు ఎక్కువున్న నీటికి ఆ లెక్క 0.7కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి 980 ఉండాల్సిన చోట 700 కనిపించింది. ఆ పీజోమీటరు పక్కింటావిడ తెర మీద అంకె చూసి, "ఏడొందలేగా, మా బోరు నీళ్లు తాగొచ్చన్నమాట" అన్నారు. నాకు గుండె జారిపోయింది. ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక విలువ లీటరుకు 0.01 మిల్లీగ్రాము. దానికి పదింతలున్నా ఈ అంకెలో తెలియదు. కరిగిన లోహాల సంగతి తేలాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడగట్టి, పీహెచ్ 2 కంటే దిగేలా నైట్రిక్ ఆమ్లం కలిపి ల్యాబ్‌కు పంపాల్సిందే.

పీహెచ్ ప్రోబు ఎనిమిదో నెలలో మొండికేసింది. మూత వదులై లోపల స్పాంజి ఎండిపోయింది. పీహెచ్ 7.00 ఉండాల్సిన బఫర్ (సరిచూసే ద్రావణం)లో 7.4 చూపించింది. ఆ నెల పీహెచ్ రీడింగులన్నీ కొట్టేశాను. కొనేవాళ్లు ప్రోబును పొటాషియం క్లోరైడ్ నిల్వ ద్రావణంలోనే ఉంచండి, డిస్టిల్డ్ వాటర్‌లో వద్దు. ఇంకో ప్రోబు అదనంగా దగ్గర పెట్టుకోండి.

మీటరు మార్చే ఉద్దేశం నాకు లేదు. ఇప్పుడు తెర ఎప్పుడూ ఈసీ మీదే ఉంచుతున్నాను. ఆవిడ బోరు నుంచి కూడా విడిగా సీసా పట్టి పంపాను. కాగితం వచ్చాకే జవాబు చెబుతానన్నాను.