ఫుడ్ ట్రాకింగ్ యాప్‌లు ఏళ్ల తరబడి వాడాక: ఏ అంకెను నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు

తిన్నదంతా యాప్‌లో రాసుకోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఈలోపు యాప్‌లు మార్చాను, డబ్బు కట్టే వెర్షన్లూ చూశాను. గ్రాఫులు, రిమైండర్లు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి. ఇబ్బంది మాత్రం అన్నిట్లోనూ ఒకటే. వెతికితే వచ్చే పోషక వివరాల్లో తప్పులు చాలా ఎక్కువ. అందుకే ఇది ఏదో ఒక యాప్ మీద సమీక్ష కాదు, ఆ అంకెలతో ఇన్నాళ్లు నెట్టుకొచ్చిన అనుభవం మీద సమీక్ష.

అరటిపండు అని వెతకండి, పేజీల కొద్దీ ఎంట్రీలు వస్తాయి. 100 గ్రాములకు 89 క్యాలరీలు అని ఒకటి ఉంటుంది, అది సరైనదే. దాని కిందే "ఒక పండు" అని 60 ఒకచోట, 200 ఇంకోచోట. పండు ఎంత బరువో ఎక్కడా ఉండదు. ఇలాంటివి చాలావరకు వాడేవాళ్లే ఎక్కించినవి. ఎవరో తమ అవసరానికి క్యాలరీలు మాత్రం వేసి మిగతా గడులు వదిలేస్తారు, తర్వాత వచ్చినవాళ్లంతా దాన్నే ఎంచుకుంటారు. ఎక్కువమంది వాడారని పైకి వచ్చిన ఎంట్రీ సరైనదని అనుకోవద్దు. పక్కన సరిచూసినట్టు టిక్ గుర్తు ఉన్నవాటిలోనూ తేడాలు చూశాను.

కొత్త ఎంట్రీ కనిపిస్తే నేను ముందు చేసే పని చిన్న లెక్క. ప్రోటీన్, కార్బ్స్ (పిండి పదార్థాలు) గ్రాములను 4తో, ఫ్యాట్ (కొవ్వు) గ్రాములను 9తో గుణించి కూడతాను. 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. లేబుళ్ల మీద క్యాలరీలు ఇప్పటికీ ఎక్కువగా వీటితోనే లెక్కేస్తారు. 10 గ్రాముల ప్రోటీన్, 20 గ్రాముల కార్బ్స్, 8 గ్రాముల ఫ్యాట్ అంటే 192 క్యాలరీలు రావాలి. ఎంట్రీలో 110 అని ఉంటే అది పనికిరాదు, ఇంకోటి చూసుకోవాలి. పీచు బాగా ఉన్న పదార్థాలకు ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పీచు నుంచి వచ్చే శక్తి గ్రాముకు సుమారు 2 క్యాలరీలే. మద్యం అయితే గ్రాముకు 7, అది ఈ మూడింటిలోనూ కనపడదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు, పూర్తిగా చెత్త ఎంట్రీలు అక్కడికక్కడే దొరికిపోతాయి.

ఈ లెక్కకు దొరకని తప్పు ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది అదే. వండక ముందు బరువా, వండాకా? బియ్యం 100 గ్రాములకు దాదాపు 360 క్యాలరీలు, వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130. చికెన్ బ్రెస్ట్‌లో ఇది తిరగబడుతుంది. పచ్చిది 100 గ్రాములకు 120 క్యాలరీలు, 23 గ్రాముల ప్రోటీన్. నీరు ఇంకిపోయి ఉడికాక అదే 100 గ్రాములకు 165 క్యాలరీలు, 31 గ్రాముల ప్రోటీన్. రెండు ఎంట్రీలూ నిజమే, 4-4-9 లెక్కకు రెండూ సరిపోతాయి. కానీ అన్నం తూచి బియ్యం ఎంట్రీ వేస్తే లెక్క దాదాపు మూడింతలవుతుంది. అందుకే నేనెప్పుడూ వండక ముందే తూస్తాను. ఇంట్లో అందరికీ కలిపి వండినప్పుడు పచ్చి సరుకులన్నీ యాప్‌లోని రెసిపీలో ఎక్కించి, ఖాళీ గిన్నె బరువు తీసేసి, వండాక మొత్తం ఎంత బరువుందో చూస్తాను. ఆ గ్రాములనే రెసిపీలో సర్వింగుల సంఖ్యగా పెడితే సరి. 1,400 గ్రాములు వస్తే 1,400 సర్వింగులు, అంటే ఒక్కో సర్వింగు ఒక గ్రాము. నా ప్లేట్లో 250 గ్రాములుంటే 250 అని వేస్తాను. ఈ ఒక్క పద్ధతికే యాప్‌కు మంచి మార్కులు వేస్తాను, డబ్బు కట్టే ఫీచర్లు ఏవీ దీనంత పనికిరాలేదు.

నూనె సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక టేబుల్ స్పూను దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలు. సీసాను వంటకు ముందు, తర్వాత కాటా మీద పెట్టండి.

బార్‌కోడ్ స్కాన్ చేస్తే కచ్చితంగా ఉంటుందని చాలామంది నమ్మకం. స్కాన్ తెచ్చేది కూడా ఎవరో ఎప్పుడో ఎక్కించిన ఎంట్రీనే, ఈలోపు కంపెనీ ఫార్ములా మార్చి ఉండొచ్చు. అందుకే చేతిలో ఉన్న ప్యాకెట్‌తో పోల్చాలి. ఏ దేశపు లేబులో కూడా చూడాలి. అమెరికా లేబుల్‌లో కార్బ్స్ అంటే పీచుతో కలిపి, యూరప్ లేబుల్‌లో పీచు తీసేసి. యూరప్ ప్యాకెట్ మీద ఉప్పు రాస్తారు, యాప్ సోడియం అడుగుతుంది. ఉప్పును 2.5తో భాగిస్తే సోడియం వస్తుంది. నేరుగా ఎక్కిస్తే లెక్క రెండున్నర రెట్లు.

పోనీ ప్యాకెట్ మీద అంకె అయినా కచ్చితమా అంటే, అదీ ఒక హద్దులోనే. అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ నిబంధనల్లో, ల్యాబ్‌లో పరీక్షిస్తే వచ్చే క్యాలరీలు లేబుల్ కన్నా 20 శాతం వరకు ఎక్కువున్నా ఒప్పుకుంటారు. ఒక సర్వింగ్‌లో 5 క్యాలరీల లోపుంటే సున్నా అని రాసుకోవచ్చు, ఫ్యాట్ అర గ్రాము లోపున్నా అంతే. స్ప్రే నూనెలు "సున్నా క్యాలరీలు" అనిపించుకునేది ఇలాగే. సర్వింగ్ అంటే సెకనులో కొంత భాగం నొక్కడం, అంత తక్కువగా ఎవరు నొక్కుతారు? హోటల్ భోజనం గురించి 2011లో జామా అనే అమెరికన్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. సగటున మెనూ అంకెలు సరిగానే ఉన్నా, పరీక్షించిన వంటకాల్లో 19 శాతం చెప్పినదానికన్నా కనీసం 100 క్యాలరీలు ఎక్కువున్నాయి. కాబట్టి బయట తిన్న రోజు దగ్గరి అంచనా వేసి వదిలేస్తాను, టెన్షన్ పడను.

విటమిన్లు, ఖనిజాల పేజీ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వాడేవాళ్లు ఎక్కించిన ఎంట్రీల్లో మెగ్నీషియం, పొటాషియం గడులు ఖాళీగా ఉంటాయి. కొన్ని యాప్‌లు ఖాళీని సున్నాగా కూడేసి, మీకు లోపం ఉందని ఎర్రగా చూపిస్తాయి. అది చూసి మాత్రలు కొనేవాళ్లు ఉన్నారు, దయచేసి కొనకండి. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించాల్సినవాళ్లకు ఇదే పేజీ అంతా బాగానే ఉందని చెబుతుంది. వాళ్లు, కార్బ్స్ లెక్కపెట్టి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇలాంటి ఎంట్రీల మీద ఆధారపడకూడదు, డైటీషియన్‌తో కూర్చుని తాము తినేవాటి జాబితా తయారు చేసుకోవాలి. పోషకాలన్నీ చూడాలంటే మూలం కనిపించే ఎంట్రీలే ఎంచుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఫుడ్‌డేటా సెంట్రల్ ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, విడి పదార్థాలకు నేను అక్కడే సరిచూసుకుంటాను.

ఇదంతా ప్రతి పూటా చేయాలా? అక్కర్లేదు. మనం తినేవి చాలావరకు తిరిగి తిరిగి అవే వస్తాయి. వాటికి ఒక్కసారి సరైన అంకెలతో సొంత ఎంట్రీలు చేసుకుంటే ఆ తర్వాత వెతుకులాట దాదాపు ఉండదు. నా యాప్‌లో విలువైనది ఏదైనా ఉందంటే ఆ సొంత జాబితానే. కొత్త యాప్‌కు మారేటప్పుడు బాధపెట్టేదీ అదే, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లో అది రాకపోవచ్చు. యాప్ ఎంచుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే అంటాను.

మిగిలిపోయే చిన్న తప్పుల సంగతి బరువు చెబుతుంది. రోజూ ఉదయం చూసుకున్న బరువుకు వారం సగటు తీసి, వారం వారం పోల్చండి. కిలో కొవ్వుకు 7,700 క్యాలరీలన్నది మోటు లెక్కే, అయినా దారి చూపిస్తుంది. యాప్ రోజుకు 500 తక్కువ తింటున్నారని చెబుతుంటే, కొన్ని వారాలు గడిచినా సగటు కదలకపోతే, నమ్మాల్సింది బరువును. అప్పుడు ఎంట్రీలన్నీ తవ్వుకుంటూ కూర్చోకుండా రోజువారీ లక్ష్యాన్ని 100, 150 తగ్గించి మళ్లీ చూడండి. రోజూ ఒకేలా ఉండే తప్పు ఈ సర్దుబాటులో కలిసిపోతుంది, ఇవాళ ఒక ఎంట్రీ, రేపు ఇంకోటి ఎంచుకుంటే మాత్రం ఈ పద్ధతి కూడా పనిచేయదు.