మూడేళ్ళ డ్రమ్ము పొయ్యి: షట్టర్ తప్ప అన్నీ క్షమించాను

మాంసం నిదానంగా కాల్చే ఈ డ్రమ్ము పొయ్యి కొత్తలో, ఎట్లా ఉందని ఎవరు అడిగినా నా జవాబు ఒకటే. "ముందు ఆ షట్టర్లు చూడప్పా, అగ్గిపెట్టె అర జరిగినట్టు జరుగుతాయి." నలుగురైదుగురికి ఈ మాట చెప్పి, వాళ్ళ చేత కూడా అట్లాంటివే చేయించాను. అప్పటికి నేను దాంట్లో కాల్చింది మొత్తం కలిపి నాలుగు కోళ్ళు. ఇప్పుడు మూడేళ్ళయింది, మూడు బార్బెక్యూ పోటీలయ్యాయి. ఆ నలుగురైదుగురిలో ఒకాయన నా ఫోను ఎత్తడం లేదు.

పొయ్యి ఎట్లా ఉంటుందో చెప్పి విసిగించను. గుజిరీ అంగట్లో కొన్న 200 లీటర్ల పీపా, లోపలి పూతంతా పోయేదాకా కట్టెలేసి కాల్చింది, పైన మూత, మధ్యలో జాలీ, అడుగున బొగ్గు బుట్ట. అనంతపురంలో మా వీధి చివర వెల్డింగ్ షాపాయన చేశాడు. అడుగున చుట్టూ ఒక్కో ఇంచు బెజ్జాలు మూడు, ఒక్కోదాని మీద పక్కకి జరిగే రేకు ముక్క. ఆ రేకు ముక్కలే షట్టర్లు. నా కోపమంతా వాటి మీదే.

గ్యాసు స్టవ్వుకైతే తిప్పే మర ఉంటుంది. పీపాకి గాలే మర. కింద ఎంత గాలి పోతే పైన అంత మంట. నిప్పు అంటని బొగ్గు బుట్ట నిండా పోసి, దాని మీద రగిలిన ముక్కలు పది పన్నెండు మాత్రం పెడితే, అది నిదానంగా అంటుకుంటూ ఏడెనిమిది గంటలు నడుస్తుంది. అమెరికా పోటీగాళ్ళు దీన్ని మినియన్ పద్ధతి అంటారు. ఇదంతా కింది బెజ్జాలు మన మాట వింటేనే. వినకపోతే బుట్టెడు బొగ్గూ ఒకేసారి రగులుకుని, మధ్యాహ్నం దాకా నడవాల్సింది పొద్దున్నే అయిపోతుంది.

ఇంట్లో తినేదానికైతే ఇంత పట్టింపు అక్కర్లేదు. కూర అరగంట ఆలస్యమైతే మజ్జిగ తాగి కూచుంటారు. నేనూ మా బావమరిదీ దీని మీద ప్రాక్టీసు చేసేది పోటీలకి. వాడికి బెంగళూరులో ఉద్యోగం, శనివారం రాత్రి బస్సెక్కి వస్తాడు. మేం వెళ్ళే పోటీల్లో నిబంధనలు కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీని చూసి పెట్టినవి. 1985 నుంచి ఉన్న అమెరికా సంస్థ అది. వాళ్ళ దగ్గర కోడి, పక్కటెముకలు, పంది, బీఫ్ బ్రిస్కెట్ (రొమ్ము భాగం) అని నాలుగు మాంసాలు. మా దగ్గర కోడి, పొట్టేలు రెండే. మిగతాది అదే వరస. మూతున్న డబ్బాలో పెట్టి ఇవ్వాలి, పైన పేరుండదు, నంబరే. ఆరుగురు జడ్జీలు చూపుకీ, రుచికీ, మెత్తదనానికీ 9 నుంచి 2 దాకా మార్కులేస్తారు, అన్నిటికంటే తక్కువ వేసిన జడ్జి కార్డు పక్కన పెట్టేస్తారు. చెప్పిన టైముకి అయిదు నిమిషాలు ముందూ అయిదు నిమిషాలు వెనకా, అంతే. ఆరో నిమిషంలో నువ్వు అమృతం పట్టుకుపోయినా తీసుకోరు.

అందుకే ఇంట్లో కూడా గడియారం పెట్టుకునే చేస్తాం. డబ్బా బదులు మిఠాయి అంగడి అట్టపెట్టె. జడ్జీలు మా అమ్మ, అక్క, కింద వాటాలో ఉండే లెక్చరర్ సారూ వాళ్ళావిడ, ఇంకా దొరికినవాళ్ళు. అక్క ఏది పెట్టినా 9 వేస్తుంది. తక్కువ కార్డు తీసేసే రూలుంది గానీ ఎక్కువ కార్డు తీసేసే రూలు లేదు కాబట్టి, అక్కని టైము చూసే పనికి మార్చాం.

ఇక షట్టర్లు మొండికేసిన జూలై ఆదివారం సంగతి. మొదటి పోటీకి రెండు వారాలుంది. పూర్తి రిహార్సల్ అనుకున్నాం. తెల్లారి అయిదుకి పొట్టేలు జబ్బ, రెండు కేజీల పైమాట, ఎముకతో సహా జాలీ మీద పెట్టాం. లోపల వేడి 120 డిగ్రీల సెల్సియస్. ఎనిమిది గంటలకి మాంసంలో గుచ్చిన థర్మామీటరు ముల్లు 70కి వచ్చి ఆగింది. అరగంట, ముప్పావు గంట, అక్కడే.

"బావా, ఇది కదలదు. నిప్పు పెంచుదామా?"

వద్దన్నాను. ఆ ఆగడం మామూలే. మాంసం మీద చెమ్మ ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంటుంది, కొత్త కుండలో నీళ్ళు చల్లబడినట్టే. చెమ్మ తగ్గాక ముల్లు తనంతట తనే లేస్తుంది. ఈ ఉపన్యాసం ఇస్తూ నేను కాఫీ తాగుతున్నాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది.

అనంతపురం ఆషాఢం గాలి తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. వాన రాదు, గాలి మాత్రం వస్తుంది. మిద్దె మీద ఆరేసిన దుప్పటి పక్క వీధిలో దొరుకుతుంది. పడమటి నుంచి వచ్చిన ఆ గాలి సూటిగా మా బెజ్జాల్లోకి దూరింది, కొలిమి తిత్తి పెట్టి ఊదినట్టు. 120 కాస్తా 140 అయింది, 155 అయింది. ఏముంది, షట్టర్ మూస్తే సరి అని కూచుని, పటకారుతో రేకుని తోశాను. కదల్లేదు. రెండోది తోశాను, అదీ కదల్లేదు.

కారణం తర్వాత తెలిసింది. ఏడాదిగా కారిన కొవ్వు పీపా గోడ వెంట దిగి, బూడిదతో కలిసి, వేడికి ఉడికి, ఆ రేకు వెనకాల నల్లటి లక్కలాగా పట్టుకుపోయింది. చల్లగా ఉన్నప్పుడు గోరుతో గీకితే పెచ్చులూడుతుంది. వేడి మీద మాత్రం రేకు ఉబ్బి, లక్క మెత్తబడి, రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అంటే నిప్పు లేనప్పుడు షట్టర్ బ్రహ్మాండంగా జరుగుతుంది. నిప్పున్నప్పుడే జరగదు. అగ్గిపెట్టె అర అని నేను పొగిడింది చల్లటి పీపాని చూసి.

అప్పుడు నేను రెండు తప్పులు చేశాను. మొదటిది, లోపల ఏమవుతోందో చూద్దామని మూత తీశాను. మూత తీస్తే పీపాకి పండగే, గాలి పైనుంచి కూడా అందుతుంది. మళ్ళీ పెట్టేసరికి 175. రెండోది, సుత్తి. రెండు దెబ్బలకి రేకు మడత పడి, సగం తెరిచిన దగ్గర శాశ్వతంగా నిలబడిపోయింది. మూడో దెబ్బకి పటకారు నా చేతిలోంచి జారి పిట్టగోడ దాటి కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. 190.

అమ్మ మిద్దెక్కింది. ఒడియాలు పొగ చూరుతున్నాయని చెప్పడానికి వచ్చిందట. మా అవస్థ ఒక నిమిషం చూసింది.

"ఒరే, బెజ్జం మూసేదానికి సుత్తి యాలరా?"

కిందికి పోయి, రాత్రి మిగిలిన సంగటి ముద్ద పట్టుకొచ్చింది. నీళ్ళు తడిపి, చేత్తో రెండు ఉండలు చేసి, గాలి కొట్టే వైపున్న రెండు బెజ్జాలకీ అదిమేసింది. దమ్ము బిర్యానీ గిన్నెకి పిండి పెట్టినట్టే. అయిదు నిమిషాల్లో పైన పెచ్చు గట్టిపడింది. మూడో బెజ్జం ఒక్కటే మిగిలింది, దానికి ఇటుక అడ్డం పెట్టాం. వేడి దిగడానికి మాత్రం ముప్పావు గంట పట్టింది. రగిలిన బొగ్గు చెప్పగానే ఆరదు. 10:45కి 130.

జబ్బ పైనంతా మాడింది. దాన్ని ఫాయిల్లో చుట్టి పక్కన పెట్టి, కోడి తొడలు పెట్టాం. అవీ అయ్యాయి గానీ పన్నెండింటి డబ్బా మేం ఇచ్చింది 12:07కి. అక్క వాచీ చూసి, "తీసుకోనుపో" అని తలుపేసుకుంది. ఆ డబ్బా తర్వాత మేమే తిన్నాం.

మర్నాడు వెల్డింగ్ షాపాయన్ని పిలిపించి చూపించాను. ఆయన సంగటిని వేలితో కొట్టి చూసి, "ఇది అట్లే ఉండనీ సామీ, నా వెల్డింగు కంటే గట్టిగా ఉండాది" అన్నాడు. షట్టర్లు కత్తిరించి పారేయించి, బోరు సామాన్ల అంగట్లో ఒక ఇంచు ఇత్తడి బాల్ వాల్వులు రెండు, జానెడు పైపు ముక్కలు రెండు తెచ్చాను. అన్నీ కలిపి అప్పుడు వెయ్యి లోపే. మిగిలిన బెజ్జానికి సంగటి ముద్ద అట్లే ఉంచేశాం. అడుగడుక్కీ బోరున్న జిల్లా, వాల్వుకి కరువేముంది.

ఇంత చిన్న సామానుకి ఇంత సంతోషపడతానని నేననుకోలేదు. వాల్వు పీపాకి దూరంగా, పైపు బయటి కొసన ఉంది కాబట్టి, బయటి చల్లగాలి దాంట్లోంచే లోపలికి పోతుంది కాబట్టి, లోపల 120 ఉన్నా వాల్వు చేతితో పట్టుకోవచ్చు. పటకారు అక్కర్లేదు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. తెల్లవారుజాము మూడింటికి కరెంటు లేకపోయినా తడిమితే తెలిసిపోతుంది. 120కి పిడి ఎక్కడుండాలో మా అమ్మాయి గోళ్ళ రంగుతో గీత పెట్టింది. మొదటి నెల ఆ గీత దగ్గర పెట్టి నిద్రపోయేవాణ్ణి, లేచేసరికి ముల్లు అయిదు డిగ్రీలు అటో ఇటో ఉండేది.

మొదటి నెల అని ఊరికే అనలేదు. చలికాలంలో ఒకసారి బూడిద పైపులోకి దిగి నిప్పు సగం రాత్రిలో చచ్చిపోయింది. అప్పట్నుంచి ప్రతి గంటకీ చీపురు పుల్లతో పొడుస్తున్నాను, అంటే నిద్రపోవడం లేదు. గోళ్ళ రంగు గీత కూడా గాలి లేని రోజుకే పనికొస్తుంది. ఆషాఢంలో పీపానే తిప్పి వాల్వుల్ని తూర్పుకి పెడతాను, అప్పుడు గీత కంటే కొంచెం ఎక్కువ తెరవాలి. ఎంత అంటే చెప్పలేను, చెయ్యి అలవాటు పడాలి.

మిగతావి క్లుప్తంగా. మూత మీది డయల్ మీటర్ని నమ్మొద్దు. మరిగే నీళ్ళలో పెడితే 84 చూపించింది. మా ఊరు ఎత్తు కాబట్టి నీళ్ళు 100కి ఒక డిగ్రీ ముందే మరుగుతాయి, అది తీసేసినా ఇది మోసమే. వైరుతో గుచ్చే డిజిటల్ ముల్లు ఒకటి కొనండి. కోడి 74 దాటితే తినడానికి భయం లేదు, తొడలు 80 దాటాకే నాకు నచ్చుతాయి. చికెన్ అంగట్లో "స్కిన్‌తో" అని రెండుసార్లు చెప్పండి, అలవాటు కొద్దీ తోలు ఊడదీసేస్తారు. ఆ తోలు తక్కువ వేడి మీద రబ్బరులాగా సాగుతుంది. జడ్జి కొరికితే మొత్తం తోలు ఊడి వస్తే మెత్తదనం మార్కులు పోయినట్టే, కాబట్టి చివరి పావుగంట వాల్వులు రెండూ బార్లా తెరుస్తాం.

బొగ్గు మాకు కంపచెట్టుదే, ఇస్త్రీ వాళ్ళు వాడేది, బస్తాలెక్కన. చేను పాడుచేస్తుందని మనం తిట్టుకునే ఈ సర్కారు తుమ్మ, టెక్సాస్ వాళ్ళు మెస్కీట్ అని మురిసే చెట్టుకి దాయాది. వేడి బాగా ఇస్తుంది, చిటపటలు కూడా ఎక్కువే. పొగ కోసమని దాని కట్టె మాత్రం వెయ్యకండి. ఒకసారి పచ్చిగా ఉన్న కొమ్మ వేశాను, లెక్చరర్ సారు వాళ్ళావిడ మర్యాదస్తురాలు కాబట్టి మింగింది.

పోటీల్లో ఏమైందని అడుగుతారు. వాల్వులు పెట్టాక కోడిలో ఒకసారి నాలుగో స్థానం వచ్చింది. పొట్టేలులో చెప్పుకునేంత లేదు. ఆ నాలుగో స్థానంలో వాల్వు వాటా ఎంతో, ఏడాది పాటు ఆదివారాలు చేసిన ప్రాక్టీసు వాటా ఎంతో నాకు తెలియదు.

మీరు చేయించుకోవచ్చా అంటే, నాకు సొంత మిద్దె ఉంది, కింద వాటా వాళ్ళు ఓర్చుకుంటారు, వెల్డింగ్ షాపు వీధి చివరే ఉంది. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు దీని జోలికి రావద్దు. పోటీల ఆలోచన లేకుండా, నెలకోసారి చుట్టాలొస్తే కాల్చుకునేవాళ్ళకి షట్టర్లయినా చాలు, ప్రతిసారీ చల్లారాక గీకి తుడవండి. ప్రాక్టీసు కోసమే అయితే మొదట్నుంచీ వాల్వులే పెట్టించండి, పైపు మాత్రం నాలాగా జానెడు కాకుండా ఇంకాస్త పొట్టిగా. బూడిద పొడవడం తేలికవుతుంది. నేను మళ్ళీ పైపు కోయించాలంటే షాపాయన ఆ రెండో సంగటి ముద్ద కూడా తీసేయాలంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు.