మిరప ఎరుపు కోసం యాభై లక్షలు: బైరాక్ ‘బిగ్’ గ్రాంట్ వాడి చూశాక

ప్రతి ఏడాదీ జూన్ నెలాఖరులో నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, బిగ్‌కి వేద్దామనుకుంటున్నాం. నిజంగా డబ్బులిస్తారా? లోపల తెలిసినవాళ్లు ఉండాలా?" ఇస్తారు. తెలిసినవాళ్లు అక్కర్లేదు. నాకు అప్పుడూ ఎవరూ తెలియదు. మా నాన్న గుంటూరు జిల్లాలో మూడెకరాల మిరప రైతు, ఆయనకు తెలిసిన పెద్దమనిషి యార్డులో కమీషన్ ఏజెంటు ఒక్కడే. మిగతాది ఫోన్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2012లో బైరాక్ అనే సంస్థను పెట్టింది. లాభాపేక్ష లేని ప్రభుత్వ రంగ సంస్థ, కంపెనీల్లో జరిగే పరిశోధనకు డబ్బివ్వడమే దాని పని. అందులో మనలాంటి చిన్నవాళ్లకు తొలి మెట్టు బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్, వాడుకలో బిగ్. గరిష్ఠంగా 50 లక్షలు, 18 నెలల గడువు. వడ్డీ లేదు, కంపెనీలో వాటా అడగరు, పేటెంట్ మనదే. బయోటెక్ అన్నారు కదా అని మందులూ టీకాలే అనుకోవద్దు. వ్యవసాయం, ఆహారం, వైద్య పరికరాలు అన్నీ వస్తాయి. కంపెనీ లేకపోయినా వ్యక్తిగా వేయొచ్చు. ఈ పథకాన్ని బైరాక్ భాగస్వామి సంస్థల ద్వారా నడుపుతుంది. బెంగళూరులో సీ-క్యాంప్, పుణెలో వెంచర్ సెంటర్, భువనేశ్వర్‌లో కేఐఐటీ వాళ్లది, మన దగ్గర షామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్. మా రోజుల్లో ఏటా జనవరి 1న, జులై 1న కాల్ (దరఖాస్తుల పిలుపు) తెరిచేవాళ్లు, నింపడానికి నెలన్నర టైమ్.

మేం చేయాలనుకున్నది ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ పట్టే స్ట్రిప్, అంటే కరోనా కిట్‌లా గీతలతో ఫలితం చూపే పట్టీ. కళ్లంలో ఆరబోసిన కాయ మంచుకో అకాల వర్షానికో తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్. యూరప్‌కి పంపాలంటే కిలోకి బి1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. సరుకు కంటెయినర్ ఎక్కాక బయటపడితే ఎక్స్‌పోర్టరు మునుగుతాడు, ఆ నష్టం తిరిగి తిరిగి రైతు రేటు మీదికే వస్తుంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) దగ్గరే పావుగంటలో తేల్చేయాలని మా ఆశ.

2017 జులైలో మొదటిసారి వేశాం. ముప్పై పేజీలు. మార్కెట్ ఎంత, రైతులెంతమంది, మూడేళ్లలో అమ్మకాలెంత, అంతా రంగుల పటాలతో. రిజెక్ట్. రివ్యూయర్ల వ్యాఖ్య రెండు లైన్లే. మొక్కజొన్నకీ వేరుశనగకీ ఇలాంటి స్ట్రిప్పులు మార్కెట్లో ఉన్నాయి, మీరు కొత్తగా తేల్చేదేంటి అని. నాకు ఒళ్లు మండింది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి మిరప గురించి ఏం తెలుసని వారం రోజులు తిట్టుకుంటూ తిరిగాను. ఆ తర్వాత మా పార్ట్‌నర్ ఒక మొక్కజొన్న స్ట్రిప్ తెప్పించి, దాని మీద తేజ మిర్చి కషాయం రెండు చుక్కలు వేసి నా ముందు పెట్టాడు. నిమిషం తిరక్కుండానే స్ట్రిప్ మొత్తం కుంకుమ పూసినట్టు ఎర్రబడింది. ఏ గీతా కనబడదు. వాళ్లు అడిగిన కొత్త విషయం మా కళ్ల ముందే ఉంది, మేమే రాయలేదు.

2018 జనవరిలో మళ్లీ వేసిన ప్రపోజల్ పదకొండు పేజీలు. మార్కెట్ గురించి ఒక్క పేరా. మిగతాదంతా ఒకే సంగతి: మిరప ఎరుపునీ నూనెనీ తప్పించి, విషాన్ని మాత్రం గీత దాకా తీసుకెళ్లగలమా? అదే తేడా. అడిగే వాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఇదే: బిగ్ డబ్బు మీ కంపెనీకి కాదు, మీ ప్రశ్నకి. ప్రశ్న ఏదో తెలియకుండా ఉత్పత్తి పేరు చెప్పి డబ్బడిగితే మాలాగే రెండు లైన్లు తెచ్చుకుంటారు.

ఎంపిక మెట్లు మెట్లుగా సాగుతుంది: అర్హత చూస్తారు, బయటి నిపుణులు చదువుతారు, ప్యానెల్ ముందు ప్రెజెంటేషన్, లెక్కాపత్రాల తనిఖీ, మళ్లీ ఇంకో కమిటీ. మాకు కష్టమైంది ప్యానెల్ కాదు, తనిఖీ. కంపెనీగా వెళ్తే కనీసం 51 శాతం వాటా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల చేతిలో ఉండాలి, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఆ లెక్కలోకి రాదు. మా బావ డాలస్‌లో ఉంటాడు. మొదట్లో డబ్బు ఎక్కువ పెట్టింది ఆయనే, వాటా 52 శాతం. అమెరికా పౌరసత్వం వచ్చి అప్పటికి రెండేళ్లు. ఇంటి అల్లుణ్ని పట్టుకుని "బావా, నీ వాటా కొంచెం తగ్గించుకో" అని అడగడం ఏ ప్యానెల్ ఇంటర్వ్యూ కన్నా కష్టమో మీరే ఊహించుకోండి. ఆయన నవ్వి సంతకం పెట్టాడు గానీ నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. విదేశాల్లో ఉన్న అన్నదమ్ముల డబ్బుతో కంపెనీ పెట్టేవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇది రాస్తున్నా. వాటాలు రాసుకునే రోజే చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. యాభై లక్షలూ ఒకేసారి చేతిలో పడవు. ఒప్పందం సంతకమయ్యాక మొదటి వాయిదా, ఆ తర్వాత ఒక్కో మైల్‌స్టోన్ (ముందే ఒప్పుకున్న పని దశ) చేసి చూపించాక ఒక్కోటి. మాకైతే చివరి ముక్క ముగింపు రిపోర్టు చూశాకే వచ్చింది, అంటే ఆ మేరకు ముందు మన జేబులోంచే పెట్టుకోవాలి. రిపోర్టు రాయడం, చూపించడం, సందేహాలు తీర్చడం వీటన్నిటికీ టైమ్ పడుతుంది కాబట్టి వాయిదాకీ వాయిదాకీ మధ్య మూడు నాలుగు నెలల జీతాలు చేతిలో ఉంచుకోండి. మేం ఉంచుకోలేదు. ఒక నెల మా ల్యాబ్ అమ్మాయి జీతం మా అక్క గాజులు కుదువపెట్టి ఇచ్చాం. ఆ తప్పు పూర్తిగా మాదే, యూసీ కాగితాలు నెలన్నర ఆలస్యంగా పంపింది మేమే.

యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల లెక్కకి సీఏ ముద్ర. గ్రాంట్ కోసం విడిగా నో-లీన్ ఖాతా తెరవాలి, అంటే ఆ డబ్బు మీద బ్యాంకుకి ఏ హక్కూ ఉండదని రాయించుకోవాలి. మేం వెళ్లిన బ్యాంకులో మేనేజర్ ఆ మాట ఎప్పుడూ వినలేదట. "అప్పే లేనివాళ్లకి లీన్ ఏంటండీ, లెటర్ ఎందుకు?" అని మూడుసార్లు తిప్పాడు. ఇంకో చిక్కు: ఆ ఖాతాలో పడే వడ్డీ కూడా మనది కాదు. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం గ్రాంట్ మీద వచ్చే వడ్డీని ప్రభుత్వ ఖజానాకి కట్టేయాలి. మా సీఏ మొదటి ఏడాది దాన్ని కంపెనీ ఆదాయంలో చూపించాడు. అది సరిచేయడానికి పట్టిన టెన్షన్‌లో ఇంకో స్ట్రిప్ తయారయ్యేది.

ఇంత చికాకు చెప్పి కూడా ఈ పథకాన్ని నేను మెచ్చుకునేది రెండో మైల్‌స్టోన్ వల్ల. ఎరుపు పోగొట్టే దారి కోసం మేం నాలుగు నెలలు కొట్టుకున్నాం. కషాయాన్ని నీళ్లతో పలచన చేస్తే రంగు తగ్గింది, దానితోపాటు విషమూ స్ట్రిప్ పట్టలేనంత పలచబడింది. చివరికి యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే శుద్ధికి వాడే బొగ్గు, వాడాం. అద్భుతం, ఎర్రటి కషాయం మంచినీళ్లలా దిగింది. ఆ రెండు సీసాలు, ముందుదీ తర్వాతదీ, రివ్యూ మీటింగులో బల్ల మీద పెట్టి గొప్పగా నిలబడ్డాను. ప్యానెల్‌లో ఒక పెద్దావిడ, మెల్లగా మాట్లాడే మనిషి, సీసా ఎత్తి వెలుతురులో చూసి "రికవరీ ఎంత?" అన్నారు. అంటే మనం కొలిచి కలిపిన విషంలో ఈ శుద్ధి తర్వాత ఎంత మిగిలిందని. మేం కొలవలేదు. "బొగ్గుకి రంగుకీ విషానికీ తేడా తెలుసా బాబూ?" అన్నారు ఆవిడ.

తెలియదు. వారంలో కొలిచి చూస్తే అఫ్లాటాక్సిన్ దాదాపు అంతా బొగ్గే మింగేసింది. ఆ స్ట్రిప్ గనక మార్కెట్లోకి వెళ్లి ఉంటే బూజు పట్టిన టిక్కీని కూడా శుభ్రమని చూపించేది. మైల్‌స్టోన్ ఫెయిల్ అని మేమే రాసిచ్చాం. ఖర్చయిన డబ్బు వెనక్కి కట్టమంటారేమోనని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎవరూ అడగలేదు. ఎందుకు ఫెయిలయింది, తర్వాత ఏం ప్రయత్నిస్తారు, ఎన్నాళ్లు, ఈ మూడే అడిగారు. బ్యాంకు లోను తీసుకుని ఉంటే ఆ ఫలితాన్ని నేను ఎవరికీ చెప్పి ఉండేవాణ్ని కాదు. ఇన్వెస్టర్ డబ్బయినా అంతే, సీసా రంగు చూపించి మురిపించేవాణ్ని. చివరికి దారి దొరికింది, రంగుని పట్టుకుని విషాన్ని వదిలే ఒక వడపోత పొర. అదేంటో ఇక్కడ రాయను, పేటెంట్ గ్రాంట్ డబ్బుతోనే వేశాం.

2020 మార్చిలో యార్డులో ఫీల్డ్ ట్రయల్ పెట్టుకున్నాం. లాక్‌డౌన్ పడింది, యార్డు మూతపడింది. మిరపకి మళ్లీ సీజన్ అంటే ఏడాది. గడువు పొడిగించారు గానీ అదనంగా పైసా రాదు, అది నియమం. అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం 900 కోట్లతో కొవిడ్ సురక్ష మిషన్ ప్రకటించి బైరాక్ చేతికే ఇచ్చింది, మన హైదరాబాద్ బయోలాజికల్-ఇ వాళ్ల కోర్బెవ్యాక్స్ టీకాకి కూడా అందులోంచి సాయం వెళ్లింది. అంత హడావిడి మధ్య మా మిరప ఫైలు బతికి ఉండటమే నాకు ఆశ్చర్యం. 2021 సీజన్‌లో ట్రయల్ చేసి, హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్‌లో కచ్చితంగా కొలిచే పద్ధతి) ఫలితాలతో పోల్చి, ముగించాం. ఆ పోలిక రిపోర్టులు ఇవ్వాల్సిన ఒక ప్రైవేటు ల్యాబ్ మమ్మల్ని రెండు నెలలు తిప్పింది, అది వేరే కథ.

ఇక నాకు నచ్చని చోటు. గ్రాంట్ ముగిసిన రోజు చేతిలో పనిచేసే స్ట్రిప్ ఉంది, అమ్మే స్ట్రిప్ లేదు. పది స్ట్రిప్పులు చేతితో చేయడం వేరు, పదివేలు ఒకేలా రావడం వేరు, యార్డులో వాడేవాడికి అర్థమవడం ఇంకా వేరు. ఒక్క ఉదాహరణ చెప్తాను. 2022 మార్చిలో ఒక వ్యాపారికి చూపిస్తున్నాం. రెండు గీతలు రాగానే ఆయన టిక్కీని పక్కకి లాగించాడు. "రెండు గీతలంటే పాజిటివే కదండీ, కరోనాలో చూడలేదా?" మాది తలకిందులు. విషం ఉంటే గీత మాయమవుతుంది, రెండు గీతలూ ఉంటే సరుకు మంచిది. చిన్న అణువుల్ని పట్టే స్ట్రిప్పులు అలాగే పనిచేస్తాయని ల్యాబ్‌లో అందరికీ తెలుసు, యార్డులో ఎవరికీ తెలియదు. డబ్బా మీద బొమ్మలు మార్చి, జనం చేత వాడించి, మళ్లీ మార్చి, ఇవేవీ బిగ్ డబ్బిచ్చే ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ (ఆలోచన పనిచేస్తుందని చూపడం) కిందికి రావు. పైగా పథకం 2012లో మొదలైనప్పుడూ యాభై లక్షలే, మేం తీసుకున్నప్పుడూ యాభై లక్షలే. ఈ మధ్యలో స్ట్రిప్‌లో వాడే దిగుమతి యాంటీబాడీల ధర, మనుషుల జీతాలు ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు.

తర్వాతి మెట్టుగా బైరాక్ సీడ్ ఫండ్ ఉంది, ఇంక్యుబేటర్ (స్టార్టప్‌లకు చోటూ సాయమూ ఇచ్చే సంస్థ) ద్వారా 30 లక్షల దాకా, కానీ అది వాటాకి ఇచ్చే డబ్బు. మేం తీసుకున్నాం. దాని పైన లీప్ ఫండ్, కోటి దాకా, అదీ వాటాకే. నమూనా కూడా ఇంకా లేనివాళ్లు ముందు శాస్త్ర సాంకేతిక విభాగం వాళ్ల నిధి-ప్రయాస్ చూడండి, 10 లక్షల వరకు ఇస్తారు, బిగ్‌కి వెళ్లే ముందు చేయి తిరుగుతుంది. 2025 జులైలో కేబినెట్ పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల ఆర్‌డీఐ పథకం ఆమోదించినప్పుడు నాకు చాలామంది ఆ వార్త పంపి అభినందనలు చెప్పారు. అది టెక్నాలజీ కొంత ముదిరాక దీర్ఘకాలిక అప్పుగానో వాటాగానో వచ్చే డబ్బు. మొక్కజొన్న స్ట్రిప్ మీద మిర్చి చుక్క వేసి చూసే దశలో ఉన్నవాడికి ఇప్పటికీ బిగ్ లాంటిదే దిక్కు.

స్టార్లు అడిగితే ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది గ్రాంట్ ముగిశాక వచ్చే అగాధం కోసం. కాగితాల కోసం తగ్గించలేదు, ఎందుకంటే ఆ లెక్కల అలవాటే ఇప్పుడు ఎక్స్‌పోర్టర్ల ఆడిట్లలో మమ్మల్ని కాపాడుతోంది.

అన్నట్టు, జనవరి కాల్‌కి నా పాత ప్రపోజల్ అడిగేవాళ్లకి రెండూ పంపుతున్నాను. రంగుల పటాలున్నది రిజెక్ట్ అయింది. నాన్నకి ఇప్పటికీ అదే బాగుంటుంది.