పర్లాకిమిడి జిరాక్స్ షాపులో నా నీట్ ఫారం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి బస్టాండు నుంచి రాజుగారి కోట వైపు నడిచే దారిలో ఒక జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద పేరు ఉంది గానీ ఆ పేరు ఎవరూ వాడరు. "ఫారాలు నింపే బాబాయ్ షాపు" అంటే ఆటోవాళ్ళు కూడా చూపిస్తారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. 2025 ఫిబ్రవరిలో నా నీట్ ఫారం అక్కడే నింపించుకున్నాను. అప్పటికి నాకు 34 ఏళ్ళు.

నాలాగా ఉద్యోగం మధ్యలో ఆపి డాక్టరు చదువుకి ఫారం వెయ్యాలనుకునేవాళ్ళు మన వైపు ఇంకా ఉంటారు. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. పిల్లల ఫారాలకి ఏ షాపైనా సరిపోతుంది. మన ఫారంలో చిక్కులు వేరు.

నేను బీటెక్ ఎలక్ట్రికల్. పన్నెండేళ్ళు ఆసుపత్రి మిషన్లు బాగుచేసే సర్వీస్ ఇంజనీరుగా పనిచేశాను. విశాఖలో ఉండి శ్రీకాకుళం, రాయగడ, కోరాపుట్ జిల్లాలు తిరిగేదాన్ని. ఒకసారి రాయగడ వైపు ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పసిబిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్ తప్పు చూపిస్తోందన్నారు. వెళ్ళేసరికి డిస్‌ప్లే మీద 34.1 డిగ్రీల సెల్సియస్ ఉంది, అలారం మోగుతోంది. బిడ్డ ఒంటికి అంటించి వేడి కొలిచే ప్రోబ్ పాడైతే అలా చూపించడం మామూలే. ప్రోబ్ మార్చాను. మళ్ళీ 34.3. అప్పుడర్థమైంది, మిషను మొదటి నుంచీ నిజమే చెబుతోంది, బిడ్డే చల్లబడిపోతోందని. సిస్టరు డాక్టరు కోసం పరిగెత్తింది. బిడ్డ అమ్మమ్మ నా దగ్గరకొచ్చి "మిషను బాగైందా అమ్మా?" అని తెలుగులో అడిగింది. "బాగైంది" అన్నాను. అంతకన్నా చెప్పడానికి నాకేమీ తెలియదు. టూల్‌కిట్ సర్దుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. బిడ్డ బతికింది. కానీ ఆ బెంచీ మీద కూర్చున్న గంట నన్ను వదల్లేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఫారం వైపే వెళ్ళలేదు, కుదరదని అందరూ చెప్పడం వల్ల. ఇంటర్‌లో ఎంపీసీ చదివినదాన్ని, బయాలజీ లేదు. 25 దాటితే నీట్ రాయనివ్వరని ఒకచోట ఫారాలు నింపే ఒక సెంటరాయన గట్టిగా చెప్పి పంపేశారు. ఆయన చెప్పిన దాంట్లో ఒకప్పటి నిజం ఉంది. 2018లో జనరల్‌కి 25, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 30 అని వయసు పరిమితి పెట్టారు. దాని మీద కోర్టులకి వెళ్ళారు. 2022 మార్చిలో వైద్య విద్య నియమాలు చూసే నేషనల్ మెడికల్ కమిషన్, అంటే ఎన్‌ఎంసీ ఆ పరిమితినే తీసేసింది. ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్క కూడా లేదు. ఇక బయాలజీ సంగతి. 2023 నవంబరు 22న ఎన్‌ఎంసీ ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చింది. ఇంటర్‌లో బయాలజీ లేకపోయినా, తర్వాత గుర్తింపు ఉన్న బోర్డులో దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చు. అది చదివిన వారమే నేషనల్ ఓపెన్ స్కూల్లో బయాలజీ ఒక్కటే కట్టాను. 2024లో పరీక్ష, ప్రాక్టికల్ రెండూ రాసి పాసయ్యాను.

ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. బాబాయ్ కళ్ళజోడు పైకెత్తి చూసి "ఏటమ్మా, తమ్ముడి ఫారమా?" అన్నారు.

"నాదే బాబాయ్."

ఒక్క క్షణం ఆగి పక్క కుర్చీ లాగి "కూర్చో. పదో తరగతి మెమో ఇటు ఇవ్వు" అన్నారు. ఎందుకు, ఏమిటి, పెళ్ళయిందా, ఇప్పుడు మొదలెడితే ఎప్పటికవుతుంది, ఏమీ అడగలేదు. ఆ షాపుకి నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క కుర్చీకే.

ఇక అసలు పని. మా ఇల్లు పర్లాకిమిడి. కానీ తొమ్మిది నుంచి ఇంటర్ దాకా మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో చదివాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చారు కదా, ఊరు ఇటు, పాతపట్నం అటు. నా చదువు కాగితాలు ఆంధ్రవి, ఉనికి కాగితాలు ఒడిశావి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, నా పేరు తర్వాత. ఆధార్‌లో అది తిరగబడింది. పైగా నా పేరులో 'వ' ఉంది. ఒడియాలో రాసేటప్పుడు అది 'బ' అయింది, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు అలాగే ఉండిపోయింది. సరిహద్దు ఊళ్ళలో ఇలా వెంకటలు బెంకటలైనవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. రేషన్ కార్డుకైతే ఎవరూ పట్టించుకోరు. నీట్‌కి కుదరదు, అక్కడ పదో తరగతి పేరే లెక్క.

నోటరీ అఫిడవిట్ చేయించుకుంటే సరిపోతుందని నేను అనుకుంటూ వెళ్ళాను. బాబాయ్ ఒప్పుకోలేదు. "అఫిడవిట్ ఈ ఫారం వరకే ఆదుకుంటుంది. కౌన్సెలింగ్‌లో అడుగుతారు, కాలేజీలో అడుగుతారు, రేపు డాక్టరు రిజిస్ట్రేషన్‌లో అడుగుతారు. ముందు ఆధార్ మార్చుకునిరా" అన్నారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు కాబట్టి, కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, ఆధార్ సెంటర్లో స్క్రీన్ మీద దీనితో ఒక్కో అక్షరం పోల్చి చూసుకోమన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తొమ్మిది రోజులే నాకు అందిన అసలు సర్వీసు.

ఇంకో చిక్కు కులం సర్టిఫికెట్. నా దగ్గర ఉన్నది ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ఎస్ఈబీసీ (రాష్ట్రం జాబితాలోని వెనకబడిన తరగతుల) కాగితం. నీట్ ఫారంలో ఓబీసీ అని పెట్టాలంటే కేంద్రం జాబితాలో మన కులం ఉండాలి, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదనే) సర్టిఫికెట్ ఉండాలి. రెండూ ఒకటే అనుకుని టిక్కు పెట్టేసి కౌన్సెలింగ్ రోజున ఏడ్చినవాళ్ళని ఆయన చూశారట. తహసీల్దారు ఆఫీసులో ఏ నమూనా అడగాలో ప్రింటు తీసి ఇచ్చారు.

ఈ షాపులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. మన ఫోన్ నంబరు, మన ఈమెయిల్ లేకుండా ఫారం మొదలుపెట్టరు. మెయిల్ లేకపోతే అక్కడికక్కడే మన చేతే తెరిపించి, పాస్‌వర్డ్ మన నోటుబుక్కులో మనచేతే రాయిస్తారు. చాలా చోట్ల సెంటరువాళ్ళు పని తొందరగా అయిపోవడానికి వాళ్ళ నంబరే పెట్టేస్తారు. నీట్‌లో తప్పులు దిద్దుకునే కరెక్షన్ విండో ఇచ్చినా ఫోన్ నంబరు, మెయిల్ మార్చనివ్వరు. ఓటీపీలు అన్నీ ఆ నంబరుకే వస్తాయి, ఆ తర్వాత కౌన్సెలింగ్ అంతా వాటి మీదే నడుస్తుంది. మూడు నెలల తర్వాత ఆ సెంటరాయన సిమ్ మార్చేస్తే మన పని ఏమైపోవాలి?

రెండో పద్ధతి, ఫారం సబ్మిట్ చేసేముందు ప్రతి లైనూ పైకి చదువుతారు. మనం మెమో చూస్తూ "సరే" అనాలి. మొదటి రోజు టైపు చేసిన కుర్రాడు మా నాన్న పేరులో ఒక అక్షరం వదిలేశాడు. ఆ చదవడంలోనే దొరికింది. అయితే నా ఫిర్యాదు కూడా దీని మీదే. ఆయన గొంతు పెద్దది, షాపు చిన్నది. నా పుట్టిన తేదీ, కులం, ఇంటర్ మార్కులు, పాసైన సంవత్సరం 2008 అన్నీ క్యూలో ఉన్న పిల్లలందరూ విన్నారు. ఒక అబ్బాయి తన స్నేహితుడి వైపు తిరిగి "2008లో నేను పుట్టాను" అన్నాడు. వాడిది తప్పేమీ లేదు. కానీ నాకు ఆ సాయంత్రం దాకా మనసు బాగోలేదు. స్క్రీన్ మా వైపు తిప్పి మమ్మల్నే చదువుకోమంటే సరిపోతుంది. ఆ మాట ఆయనతో చెప్పాను. తర్వాత వెళ్ళినప్పుడు కొంచెం నెమ్మదిగా చదివారు.

ఫోటో, వేలిముద్రలు కూడా అక్కడే. తెల్ల బ్యాక్‌గ్రౌండు, ముఖం పెద్దగా, చెవులు రెండూ కనిపించాలి. రెండు చేతుల పది వేళ్ళ ముద్రలూ కాగితం మీద వేసి స్కాన్ చెయ్యాల్సి వచ్చింది. సోల్డరింగ్ కాల్చిన మచ్చలతో నా కుడి చూపుడువేలు ముద్ర సరిగ్గా పడలేదు. ఆరుసార్లు వేయించారు. ప్రతిసారీ కుర్రాడు "దీదీ, ఇంకోసారి" అంటూ కొత్త కాగితం తెచ్చాడు. ఆ కాగితాలకి డబ్బులు వెయ్యలేదు.

నేనున్నప్పుడే కాశీనగర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్ ఆంధ్రలో, తెలుగు మీడియం. ప్రశ్నపత్రం తెలుగులో కావాలంది, పరీక్ష మాత్రం బరంపురంలో రాస్తానంది. బాబాయ్ టైపింగ్ ఆపేశారు. నీట్ 13 భాషల్లో ఉన్నా తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలోనే. బరంపురం కావాలంటే ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఒడియాలోనో రాయాలి, తెలుగు కావాలంటే అవతలికి వెళ్ళాలి. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి విశాఖ పెట్టించుకుంది. ఈ ఒక్క సంగతి తెలియక మన సరిహద్దు పిల్లలు ఎంతమంది ఇబ్బంది పడతారో అని నాకు ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

ఆయనకి తెలియనివి కూడా ఉన్నాయి. స్టేట్ కోటా (రాష్ట్రంవాళ్ళకి ఉంచే సీట్లు) సంగతి అడిగితే "ఫారం వరకే నాది అమ్మా" అన్నారు. ఆంధ్రలో లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా అర్హత పరీక్ష దాకా వరసగా 4 ఏళ్ళు అక్కడ చదివి ఉండాలి. ఇటు ఒడిశాలో రెసిడెన్స్ సర్టిఫికెట్ చూస్తారు. నాలాంటివాళ్ళకి రెండు వైపులా కాలు ఉన్నట్టు అనిపిస్తుంది. రెండుచోట్లా మాదే అని రాసి ఇరుక్కోవద్దని మాత్రం ఆయన హెచ్చరించారు. నేను ఒడిశానే ఎంచుకున్నాను. బరంపురం ఎంకేసీజీ కాలేజీ మా ఊరి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీదే ఉంది. చిన్నప్పటి నుంచి మా వీధిలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా బస్సెక్కేది అక్కడికే.

గోడ మీద అతికించిన పోస్టర్లు నాకు నచ్చలేదు. "విదేశాల్లో ఎంబీబీఎస్, తక్కువ ఖర్చు" అంటూ నాలుగైదు ఉన్నాయి. విదేశంలో చదవాలన్నా 2018 నుంచి నీట్ క్వాలిఫై అవ్వాలని వాటి మీద లేదు. కోర్సు 54 నెలలకి తగ్గకూడదని, తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష పాసవ్వాలని, ఇంటర్న్‌షిప్ అక్కడా ఇక్కడా చెయ్యాలని కూడా లేదు. నా వయసువాళ్ళే వాటికి ముందు పడిపోతారు, మనకి టైము లేదన్న తొందర ఉంటుంది కాబట్టి. వాటిని తీసేయమని అడిగాను. ఇంకా తియ్యలేదు.

ఖర్చు. 2025లో నీట్ ఫీజు ఓబీసీకి 1,600. జనరల్‌కి 1,700, ఎస్సీ ఎస్టీలకి 1,000. షాపు ఛార్జీ నాకు 200, అది నేను నాలుగుసార్లు తిరిగినందుకు కూడా కలిపే. ఫీజు కట్టేటప్పుడు కరెంటు పోయింది, ఒక కంప్యూటర్‌కే యూపీఎస్ ఉంది. డబ్బు కట్ అయి, రసీదు రాలేదు. ఆ అరగంట నాకు పెట్టిన టెన్షన్ పరీక్ష రోజు కూడా లేదు. మళ్ళీ కట్టేస్తానన్నాను, బాబాయ్ ఆపారు. కరెంటు వచ్చాక చూస్తే ఫీజు అందినట్టే ఉంది. కన్ఫర్మేషన్ పేజీ మూడు కాపీలు తీసి, ఒకటి నా మెయిల్‌కి పంపించారు.

మే 4న పరీక్ష రాశాను. మూడు గంటల్లో 180 ప్రశ్నలు, సగం బయాలజీయే. చదివింది కూడా అదే ఎక్కువ. ఫిజిక్స్ చేతికి అలవాటైన సబ్జెక్టు అనుకున్నాను గానీ ఆ రోజు పేపరు చాలా కష్టంగా వచ్చింది. క్వాలిఫై అయ్యాను, ప్రభుత్వ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ప్రైవేటు సీటుకి మా ఇంట్లో అంత డబ్బు లేదు. మళ్ళీ రాస్తున్నాను. ఫారం మళ్ళీ ఆ షాపులోనే.

వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్ళండి, పొద్దున్న స్కాలర్‌షిప్ పిల్లలతో కుర్చీ దొరకదు. ఆఖరి వారం దాకా ఆగొద్దు, అప్పుడు రాత్రి పది దాకా క్యూ ఉంటుంది. పదో తరగతి మెమో ఒరిజినల్ తీసుకెళ్ళండి. జిరాక్స్ చూసి ఆయన పేరు టైపు చెయ్యరు.