ఒకే దీవిని రెండుసార్లు అమ్మారు: అండమాన్ ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త

నిన్న రాత్రే శంషాబాద్‌లో దిగాం. కోపం చల్లారకముందే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆ ట్రావెల్స్ పేరు చెప్పనక్కర్లేదు. ఆదివారాలు అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు గొడుగు వేసుకుని, లక్కీ డ్రా కూపన్లు నింపించుకునేవాళ్లే. నలుగురికి అండమాన్ ప్యాకేజీ, 1,30,000 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నారు. కాగితంలో మూడు మజిలీలు: పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్. హేవ్‌లాక్ నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ఓడ టికెట్ల ఖర్చు విడిగా వేశారు.

హేవ్‌లాక్‌లో గది గోవింద్‌నగర్ వైపు ఇచ్చారు. సముద్రం ఒడ్డునే రిసార్ట్ అన్న మాట నిజమే, కాదనను. ఆటు వేళ నీళ్లు అల్లంత దూరం పోయి, కాలు పెడితే కోసుకునే రాళ్లు తేలాయి. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూపిస్తామన్న కారు ఐదున్నరకు వచ్చింది. చలికాలం అక్కడ ఐదింటి ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. చీకట్లో ఇసుక తొక్కి వచ్చాం. సరే, అదీ సర్దుకున్నాం.

మరునాడు పొద్దున్నే పెట్టెలు సర్దాం. ఓడలో వికారం పెట్టకుండా అమ్మకు మాత్ర కూడా వేయించాను. స్వరాజ్ ద్వీప్ ఓడ ఎన్ని గంటలకని రిసెప్షన్‌లో అడిగాను. అక్కడున్న అమ్మాయి నా కాగితం చూసింది, నన్ను చూసింది, మెల్లగా అంది: "సార్, మీరున్నది స్వరాజ్ ద్వీప్‌లోనే." హేవ్‌లాక్‌కే 2018లో ఆ పేరు పెట్టారు. ఆమె వెనక గోడ మీది చిరునామాలోనూ అదే ఉంది. మాత్ర మత్తులో సోఫాలో జోగుతున్న అమ్మ మధ్యమధ్య కళ్లు తెరిచి "ఓడ వచ్చిందా నాన్నా?" అని అడుగుతోంది.

ట్రావెల్స్ వాడికి ఫోన్ చేశాను. "పేరు మార్చింది ప్రభుత్వం సార్, మేమా?" అన్నాడు. లేని ఓడకు డబ్బులెందుకు తీసుకున్నావయ్యా అంటే, "మంచి దీవి సార్, రెండోసారి చూస్తే నష్టమేముంది?" అని నవ్వాడు. నవ్వాడండీ! ఆ వెనకే ఇంకెవరికో ప్యాకేజీ చెబుతున్న గొంతు కూడా వినిపించింది. ఆ రాత్రికి మా పేరు మీద ఎక్కడా గది తీసుకోలేదు. అదే గదికి నా జేబులోంచి మళ్లీ 6,500 కట్టాను. పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024లో శ్రీవిజయపురం అయిందన్న సంగతి ఈ మహానుభావుడికి ఇంకా తెలిసినట్టు లేదు, తెలిస్తే నాలుగో మజిలీ కూడా అమ్మేవాడు.

అన్నట్టు, డబ్బు సంస్థ ఖాతాకు కాదు, ఎవరిదో సొంత నంబరుకు వేయించుకున్నారు. బిల్లు అడిగితే రేపు మాపు అన్నారు. వెళ్లేవాళ్లు మొత్తం సొమ్ము ఒకేసారి కట్టకండి. మీ పేర్లతో ఓడ టికెట్లు చేతికి వచ్చాకే మిగతాది ఇవ్వండి, రిసార్ట్‌కు మీరే ఫోన్ చేసి గది ఉందో లేదో కనుక్కోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. వాళ్ల కూపన్లు మాత్రం ఆగలేదు, ఈ ఆదివారం మియాపూర్ వైపు గొడుగు వేస్తారట.