రాజమండ్రి పేవ్‌మెంట్ మీద పాత బట్టలు: ఏం కొనొచ్చు, ఏం వద్దు

అరటి కర చొక్కాకి అంటుకుంటే ఎన్నిసార్లు ఉతికినా పోదు. మాది రావులపాలెం పక్క ఊరు, చక్కెరకేళి, కర్పూరం అరటి వేస్తాం, గెలలు నరికే రోజుల్లో నా చొక్కాలన్నీ నల్లటి మచ్చలే. 600 పెట్టి కొత్త చొక్కా కొని తోటలోకి వేసుకెళ్ళడానికి మనసొప్పదు. అందుకే మూడేళ్ళ నుంచి ఆదివారం రాజమండ్రి వెళ్తే పేవ్‌మెంట్ మీద పట్టా పరిచి అమ్మే పాత బట్టల దగ్గర ఆగుతున్నాను.

నేను కొనేది ఒక పెద్దావిడ దగ్గర. ఫుల్ హ్యాండ్స్ చొక్కా 60 నుంచి 100, జీన్స్ 150, బేరమాడితే ఇంకో పదో ఇరవయ్యో తగ్గిస్తారు. చిరుగు ఉంటే మనం అడక్కముందే చూపిస్తారు, ఆ ఒక్క మాట కోసమే నేను వేరే చోటికి పోను. మొదటిసారి మా ఆవిడ భయపడి, "ఇవి పోయినవాళ్ళవి కాదు కదండీ" అని అడిగేసింది. "లేదమ్మా, స్టీలు సామాన్లకి మార్చుకున్నవి, ఉతికి ఇస్త్రీ చేసి తెత్తాం" అన్నారావిడ. సంక్రాంతికి ముందు అందరూ ఇళ్ళు దులుపుతారు కాబట్టి పండగ తర్వాత వెళ్తే సరుకు బాగుంటుంది, అప్పుడప్పుడూ ఒక్కసారి కూడా వేసుకోని చొక్కాలు దొరుకుతాయి.

పొద్దున్నే వెళ్ళి వెలుతురులో చూసుకోండి. కాలర్ మడత, చంకలు, ప్యాంటు అయితే జిప్పు, తొడల మధ్య కుట్టు చూడాలి. కాలర్ ఒక్కటే అరిగి మిగతాది గట్టిగా ఉంటే వదలొద్దు, టైలర్ దగ్గర తిప్పి కుట్టించుకుంటే ఇంకో రెండేళ్ళు వస్తుంది. ఇంటికి తేగానే వేడినీళ్ళలో సర్ఫ్ వేసి నానబెట్టి ఉతికి, మంచి ఎండలో ఆరేసి, ఆ తర్వాతే ఒంటి మీద వేసుకోవాలి.

అన్నిటికంటే నాకు నచ్చినవి పాత నేత చీరలు. మా చెల్లి పురుడుకి మా అమ్మ నాలుగు ఏరి తెచ్చింది, ఒక్కోటి 50. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు ఎంత మెత్తగా ఉంటుందో పట్టుకుంటే గాని తెలియదు. ఉయ్యాలకి ఒకటి, పొత్తిళ్ళకి రెండు, మిగిలింది బొంతలోకి పోయింది. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి అలా ఉండదు.

పట్టు చీర మాత్రం వద్దు. నిరుడు ఒక్కసారి వేరే షాపుకి పోతే సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఉప్పాడ పట్టు అని చెప్పి ఒకటి అంటగట్టారు, 900 ఇచ్చాం. ఇంటికొచ్చి విప్పితే మడత ఉన్నచోటల్లా చిట్లిపోయింది, వెనక్కి తిప్పితే బుటాల (చీర మీది చిన్న పూల డిజైన్ల) దారాలు వేలాడుతున్నాయి. అసలు ఉప్పాడ జామ్‌దానీలో బుటా చేత్తో మగ్గం మీదే నేస్తారు, వెనకవైపు కూడా ఇంచుమించు ముందువైపులాగే నీటుగా ఉంటుంది. 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన నేత అది. ఆ పేరు చెప్పి ఇలాంటివి అమ్మడం చూస్తే బాధేసింది, మా అమ్మయితే ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

వానాకాలంలో వెళ్ళకండి. మన వైపు ముసురు పడితే బట్ట లోపల తడి ఆరదు, ఎన్ని కలరా ఉండలు వేసినా బూజు వాసన వస్తూనే ఉంటుంది. పెద్దావిడ కూడా ఆ రెండు నెలలూ సరుకు తక్కువే తెస్తారు.